తొమ్మిది సెకన్ల చూపు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది. ఆ చూపు రెండు సెకన్లు ఉంది. చిన్నకోడలి తల వెనక గోడకు గడియారం ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి ఎంతసేపైందో తెలుసుకోవడానికి పెద్దకోడలు గడియారం చూసింది. పాలు పొంగలేదు. ఇంతవరకు నిర్ధారణ అయిన సంగతి.

వారం తిరిగేసరికి ఆ చూపు తొమ్మిది సెకన్లయింది. వరసగా మూడుసార్లు వచ్చింది. మూడోసారి మరీ దగ్గరికి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఉరిమింది. ఆ తర్వాత పది రోజుల్లో ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది, భోజనాల బల్లను మధ్యకు కోయడానికి కొలతలు తీశారు, తాపీమేస్త్రీకి కబురు వెళ్ళింది. ఇంతకూ కారకుడు ఆ ఇంటి చిన్నకొడుకు. అతను చెడ్డవాడు కాడు. ఎడిటరు.

ఇంట్లో అతన్ని చిన్నోడు అంటారు. ఆఫీసులో కత్తెర అంటారు. ఆఫీసంటే రెండు తెరలు, ఒక కుర్చీ, కిటికీ లేని గది. అక్కడ అతను పదకొండేళ్ళుగా ఒకే సీరియల్ కోస్తున్నాడు. సీరియల్ పేరు అనవసరం, అందులో ఇల్లు అనే మాట ఉంది. అప్పటికి 1,862 భాగాలయ్యాయి. మొదటి భాగంలో అత్తగారు కోడలికి ఒక నిజం చెప్పబోయింది. ఇంకా చెప్పబోతూనే ఉంది.

ఆ సీరియల్ తయారయ్యే పద్ధతి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నెలకోసారి, మొదటి సోమవారం, నటీనటులను ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి చూపులు తీస్తారు. మాటలుండవు. ఎవర్ని చూస్తున్నదీ ఎందుకు చూస్తున్నదీ వాళ్ళకు చెప్పరు. కోపం పన్నెండు, అనుమానం పన్నెండు, ఆశ్చర్యం పన్నెండు, కుట్ర ఇరవైనాలుగు. అన్నీ తీసి ఒకచోట దాస్తారు. దాన్ని చూపుల డబ్బా అంటారు. కథలో ఎవరు ఏ మాటన్నా కత్తెర ఆ డబ్బాలోంచి తలా ఒక చూపు తీసి పక్కన అంటిస్తాడు. అత్తగారి వేషం వేసే ఆవిడ ఒకసారి సెట్లో లైటు పగిలితే ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటును కోడలు నెల తప్పినప్పుడు వాడారు, మామగారి వీలునామాకు వాడారు, ఒక విడాకులకూ రెండు పెళ్ళిళ్ళకూ వాడారు. ఆవిడ సీరియల్ మానేసి ఏడు నెలలైనా ఆవిడ చూపులు మాత్రం విధులకు హాజరవుతూనే ఉన్నాయి. ఈ మధ్య ఆవిడ నటన పదునెక్కిందని ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు.

ఛానెల్ వారు మూడు పేజీల సూచనలు పంపారు. అవి కత్తెర ఎదుట గోడకు అంటించి ఉన్నాయి. ఏ మాటకైనా తక్కువలో తక్కువ మూడు మొహాలు చూపాలి. వాక్యాన్ని పూర్తి కానివ్వరాదు, పూర్తయితే ప్రేక్షకుడు నిశ్చింతగా లేచి నీళ్ళు తాగడానికి వెళతాడు. అన్నదమ్ములు ఒకే సోఫాలో కూర్చున్నట్లయితే అందుకు కారణం చూపాలి. ఏడో సూచన ప్రకారం, తోడికోడళ్ళు కలిసి నవ్వే దృశ్యం ఉంటే ముందుగా ఛానెల్ అనుమతి తీసుకోవాలి. ఈ సూచనలు కుటుంబ విలువలను కాపాడటానికి ఇచ్చినవని మొదటి పేజీ పైన రాసి ఉంది.

సాయంత్రం ఆరింటికి కత్తెర చెవుల్లో ఉరుములు నింపుకుని ఇంటికి వస్తాడు. ఇంట్లో ఒక బల్ల ఉంది. ఎనిమిది అడుగుల పొడుగు. వడ్రంగి దాన్ని గదిలోనే కూర్చుని చేశాడు కాబట్టి గుమ్మంలోంచి బయటికి పోదు. దాని చుట్టూ ఆరుగురు కూర్చుంటారు. తండ్రి ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరయ్యాడు. తల్లి ఉంది. అన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. వదిన ఇంటి దగ్గరే మిషను మీద బట్టలు కుడుతుంది. భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆరోవాడు తను. ఆ బల్ల దగ్గర ఎవరూ ఎవర్నీ మూడుసార్లు చూడరు. మాట్లాడేవాళ్ళు మాట పూర్తి చేస్తారు. రోజంతా మొహాలు అంటించి వచ్చినవాడికి ఆ బల్ల ఏమిటో వాడికే తెలుసు. పదకొండేళ్ళలో ఆ ఉద్యోగం మానేద్దామని అతను నాలుగుసార్లు అనుకున్నాడు. నాలుగుసార్లూ ఆ బల్ల దగ్గర భోంచేసి మళ్ళీ పొద్దున్నే వెళ్ళాడు.

మొదటి ఆదివారం తండ్రికి డెబ్బై ఐదు నిండాయి. ఇంట్లోనే భోజనాలు. బయటినుంచి వచ్చింది మేనత్త ఒక్కతే. ఆవిడ తండ్రికి చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది, 1,862 భాగాల్లో ఒక్కటీ వదలకుండా చూసింది. కత్తెర కెమెరా పెట్టి అంతా తీశాడు. మూడు గంటల నలభై నిమిషాలు. అందులో ఏమీ జరగలేదు. తిన్నారు, నవ్వారు, తండ్రి నెత్తిన కాగితం టోపీ పెట్టారు, ఒకరి కంచంలో ఒకరు వడ్డించారు. అన్న లేచి, తరగతిలో లేస్తే ఎలా ఉంటాడో అలాగే లేచి, ప్రసంగించాడు.

"కుటుంబం ఒక సమీకరణం లాంటిది. ఎడమవైపు ఎంత ఉంటే కుడివైపూ అంతే ఉండాలి. నాన్నగారి తర్వాత ఈ ఇంట్లో ఎక్కువ తినేది మా తమ్ముడు. అయినా ఈ బల్ల దగ్గర ఎవరికీ ఎప్పుడూ తక్కువ కాలేదు. ఇది అమ్మ సాధించిన లెక్క. దీన్ని నేను ఇప్పటికీ చెయ్యలేను."

అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నదిగా చేసి వచ్చే ఆదివారానికి చూపించరా అని తండ్రి అడిగాడు. కత్తెర సరేనన్నాడు.

శనివారం మధ్యాహ్నం, 1,863వ భాగానికీ 1,864వ భాగానికీ మధ్య, నలభై నిమిషాల ఖాళీలో అతను ఆ పని ముగించాడు. వేరే అచ్చు తయారుచేసే తీరిక లేక సీరియల్ అచ్చులోనే వేశాడు. ఆ అచ్చులో ఉరుములు ముందే అమర్చి ఉంటాయి. మిగతాది చేతులు చేసుకుపోయాయి. మాట వచ్చినచోట కోశాయి, మొహాలు వెతికి అంటించాయి, ఆరు నిమిషాలకోసారి బొమ్మను ఆపి బిగించాయి. కత్తెర ఆ సమయంలో టీ తాగుతూ సోమవారం పని గురించి ఆలోచిస్తున్నాడు. కోసినదాన్ని చూసుకోలేదు. పదకొండేళ్ళలో తాను కోసింది అతను ఎన్నడూ చూసుకోలేదు. ఆ వృత్తిలో ఎక్కువకాలం నిలిచినవాళ్ళ రహస్యం అదే.

రెండో ఆదివారం సాయంత్రం ఐదింటికి ముందుగదిలో ప్రదర్శన జరిగింది. మేనత్తతో కలిపి ఏడుగురు. వీడియో ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

మొదటి నిమిషంలో తండ్రి ఉప్పు అందుకోమన్నాడు. ఉరిమింది. ఆరు మొహాలు ఒకదాని తర్వాత ఒకటి ఉప్పుగిన్నె వైపు చూశాయి. ఉప్పు ఎవరూ ఇవ్వలేదు. నిజానికి ఇద్దరు ఒకేసారి ఇచ్చారు, ఆ ముక్క కోతలో పోయింది. నాలుగో నిమిషంలో వదిన వంటింట్లోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. అంతకు ముందు ఆవిడ తరిగిన ఉల్లిపాయలు కోతలో పోయాయి, కళ్ళు తుడుచుకోవడం ఉంది. దాని పక్కనే కత్తెర భార్య పకపకా నవ్వింది. ఆ నవ్వు గంట తర్వాత మావగారి టోపీ చూసి నవ్వినది. తల్లి చిన్నకోడలి కంచంలోకి చూసింది. కూర ఉందో లేదో చూసిన ఆ చూపు, వయొలిన్ తీగ ఒకటి తెగినట్టు మోగాక, ఎంత తింటోందో లెక్కపెట్టిన చూపయింది. అన్న లేచి "నాన్నగారి తర్వాత ఈ ఇంట్లో" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మొహాలు, ఉరుములు. తర్వాతి మాటగా "మా తమ్ముడు" వచ్చింది. మళ్ళీ మొహాలు. "ఎడమవైపు" అన్నాడు. ఎడమవైపు కూర్చున్నది కత్తెర భార్య. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో వదిన తొమ్మిది సెకన్ల చూపు వచ్చింది. బొమ్మ ఆగిపోయింది.

 సీరియల్ చూసిచూసి ఇలాంటప్పుడు ఏం చేయాలో అందరికీ తెలుసు. ఎవరికి వాళ్ళు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కిటికీ ఒకటే కాబట్టి కొంచెం ఇరుకైంది.

ముందుగా తల్లి తేరుకుంది. పెద్దకోడల్ని, దానివైపు అలా ఎందుకు చూశావని అడిగింది.

"నేను గడియారం చూశానత్తయ్యా. పొయ్యి మీద పాలున్నాయి."

"పాల కోసం మూడుసార్లా?"

పెద్దకోడలు వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మేనత్త తనకు ఎప్పుడో అనుమానం వచ్చిందనీ, చెబితే బాగుండదని ఊరుకున్నాననీ చెప్పింది. ఏమని అనుమానం వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగనందుకు ఆవిడ కొంచెం నొచ్చుకుంది.

గదిలోకి వెళ్ళాక భార్య కత్తెరను నిలదీసింది. అక్క తనను అలా చూసిందని అతనికి ముందే తెలుసు గదా, వారం రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాడేమని అడిగింది. వదిన అలా చూడలేదనీ ఆ చూపు తనే పెట్టాననీ కత్తెర చెప్పాడు.

"ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టారు? మా అక్క మొహం మీ ఆఫీసులో ఉందా?"

"మొహం వదినదే. కానీ—"

"చాల్లెండి."

మర్నాడు పొద్దున వదిన మిషను ఆపి అతన్ని పిలిచింది. పదకొండేళ్ళుగా అతనికి మొదటి టీ ఇచ్చే మనిషి ఆవిడ.

"మరిదీ, నేను గడియారమే చూశాననుకున్నాను. వీడియో చూశాక నాకే అనుమానమొస్తోంది. లోపల ఏదో ఉండే ఉంటుంది."

"నీ లోపల ఏం లేదు వదినా. పాలు చూసుకున్నావు, అంతే."

"నీకేం తెలుసు? నా మొహం నాకు కనపడదు గదా. అందులో శుభ్రంగా కనపడుతోంది."

బుధవారానికి రెండో పొయ్యి వచ్చింది. గురువారానికి ఇద్దరు కోడళ్ళూ గదిలోంచి బయటికి వచ్చేముందు గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగడం, తల పక్కకు తిప్పి చూడటం అలవాటు చేసుకున్నారు. తల్లి ఏ గదిలో మాట్లాడినా సగంలో ఆపి బయటికి పోవడం మొదలుపెట్టింది. మిగతా సగం ఏమిటో ఆవిడకూ తెలియదని తర్వాత తేలింది. తండ్రి ఉప్పు అడగడం మానేశాడు.

శుక్రవారం అన్న టేపు పట్టుకుని ఇల్లు కొలిచాడు. గళ్ళ కాగితం మీద ప్రణాళిక గీసి అందరి సంతకాలూ తీసుకున్నాడు. వంటింటినుంచి ముందుగది దాకా అయిదంగుళాల గోడ. బల్ల గుమ్మంలోంచి పోదు కాబట్టి గోడ దాని మధ్యనుంచి పోతుంది, అందుకని బల్లను కోయాలి. తల్లిదండ్రులు సరి వారాల్లో అటు, బేసి వారాల్లో ఇటు. ఉప్పుగిన్నె ఒకటే ఉన్నందువల్ల గోడలో తొమ్మిదంగుళాల కిటికీ. ఈ కిటికీ ద్వారా కుటుంబ సంబంధాలు యథాతథంగా కొనసాగుతాయని కాగితం అడుగున రాశాడు. తాపీమేస్త్రీ పై సోమవారం కాక ఆ పై సోమవారం వస్తానన్నాడు.

కత్తెరకు చేతిలో పది రోజులున్నాయి. అతనికి తోచిన మొదటి ఉపాయం నిజం చెప్పడం. అనుభవం లేనివాళ్ళకు ఇలాంటివి తోస్తుంటాయి.

మూడో ఆదివారం అందరినీ బతిమాలి కూర్చోబెట్టి, కోయని మూడు గంటల నలభై నిమిషాలూ వేశాడు. గడియారం కనపడుతోంది, పాలు కనపడుతున్నాయి, ఉల్లిపాయలున్నాయి, ఉప్పు ఇద్దరు ఇస్తున్నారు, అన్న ప్రసంగం మొదలై ముగుస్తోంది. పద్దెనిమిదో నిమిషంలో మేనత్త నిద్రపోయింది. నలభయ్యో నిమిషంలో తల్లి, ఇందులో ఎవరి మొహంలోనూ ఏమీ లేదేమిట్రా అంది. అన్న, దీంట్లో నిడివి తప్ప విషయం లేదని తేల్చాడు. గడియారం ముక్క వచ్చినప్పుడు కత్తెర ఆపి, వేలుపెట్టి చూపించాడు. రెండే సెకన్లు, చూడండి అన్నాడు. భార్య చూసింది. మిగతా ఏడు సెకన్లు ఏం చేశారని అడిగింది.

అప్పటికి మేనత్త లేచింది. ఆవిడ తీర్పుతో సభ ముగిసింది.

"ఇది ఎవరో మార్చేశార్రా. అసలుది మొన్న చూశాం గదా. నిజంగా జరిగుంటే ఇంత చప్పగా ఉంటుందా?"

సోమవారం కత్తెర ఆ సీరియల్ రచయిత దగ్గరికి వెళ్ళాడు. 1,866 కుటుంబ భాగాలు రాసిన మనిషి, ఇంటి గొడవ ఎలా చల్లారుతుందో ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? రచయిత ఒక్కడే ఉంటాడు. ఇంట్లో మనుషులుంటే కుటుంబం మీద దృష్టి నిలవదని ఆయన అభిప్రాయం. అంతా విని ఆయన కళ్ళజోడు తీశాడు.

"తల్లీ కొడుకులూ కోడళ్ళూ ఒక సోఫాలో సుఖంగా కూర్చుంటే దాన్ని కుటుంబం అనరు. సోఫా ప్రకటన అంటారు. కుటుంబమంటే గాయం. మీ ఇల్లు ఇన్నాళ్ళకు ఇల్లయింది, అభినందనలు. మళ్ళీ కలపాలంటే నలభై భాగాలు పడుతుంది. ముందు ఒకరు ఆసుపత్రిలో పడాలి."

తనకు వారమే వ్యవధి ఉందని కత్తెర చెప్పాడు. అయితే తల్లి మెట్లమీదినుంచి పడేలా చూసుకోమని రచయిత సలహా ఇచ్చాడు. ఆయన మాట్లాడుతూనే బల్ల పొడవు ఎంతని అడిగి రాసుకున్నాడు. ఆ బల్ల 1,871వ భాగంలో రెండుగా తెగింది. ఆ వారం సీరియల్ చూసినవాళ్ళ సంఖ్య పెరిగింది.

కత్తెర అలా చూసుకోలేదు. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో రెండో అచ్చు తెరిచాడు. దాన్ని కలయిక అంటారు. 900వ భాగంలో తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చినప్పుడు వాడింది. అందులో ఉరుములుండవు, వేణువు ఉంటుంది. అవే ముక్కలు తీసుకున్నాడు. ఒక్కటి కూడా కొత్తది పెట్టలేదు. వదిన కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది, ఆవిడ వెనక వేణువు వచ్చింది. ఆ పక్కన భార్య నవ్వు, నెమ్మదిగా. గడియారాన్ని చూసిన రెండు సెకన్లను పదకొండు చేశాడు, దానికి ఎదురుగా తల్లి చిన్నకోడలి కంచంలోకి చూసిన చూపు పెట్టాడు. ఉప్పుగిన్నె వైపు చాచిన రెండు చేతుల్ని ఎంత నెమ్మది చేశాడంటే, అవి ఉప్పుకోసం చాచినవని కన్నతల్లి కూడా చెప్పలేదు. అన్న ప్రసంగంలో చివరి రెండు వాక్యాలు మాత్రం ఉంచాడు. ఈసారి కత్తెర టీ తాగలేదు. కోసిందాన్ని మొదటినుంచి చివరిదాకా చూశాడు. చూసి, ముక్కు చీదుకుని, పక్కగదివాళ్ళకు జలుబని చెప్పాడు.

నాలుగో ఆదివారం సాయంత్రం ప్రదర్శనకు తాపీమేస్త్రీ కూడా వచ్చాడు. మర్నాటి పనికి చోటు చూసుకుందామని వచ్చినవాణ్ణి, ఒక్క పావుగంటే గదా అని కత్తెర కూర్చోబెట్టాడు.

మూడో నిమిషంలో తల్లి కొంగు కళ్ళకు అద్దుకుంది. అయిదో నిమిషంలో వదిన తోడికోడలి చెయ్యి పట్టుకుంది.

"చూశావా, ఆ రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది."

"నాకు తెలుసక్కా. నేనే అపార్థం చేసుకున్నాను."

ఉల్లిపాయల సంగతి కత్తెర నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తల్లి ఇద్దరు కోడళ్ళ మధ్య దూరి కూర్చుంది. అన్న గళ్ళ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, కొలతల్లో పొరపాటు దొర్లిందని ప్రకటించాడు. తాపీమేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఇలాంటి మనుషుల మధ్య గోడ లేపడం తన చేతులమీదుగా జరగదని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఏడున్నరకు ఆరుగురూ, వాళ్ళతో మేనత్తా బల్ల దగ్గర కూర్చున్నారు. తండ్రి ఉప్పు అడిగాడు. ఇచ్చారు. కత్తెర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రెండో పొయ్యిని మేనత్తకు ఇచ్చేశారు.

సోమవారం పొద్దున మేనత్త రెండు వీడియోలనూ బంధువుల ఫోన్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో నూట ఆరుగురున్నారు. అక్కణ్ణుంచి మొదటి వీడియో ఇంకో తొమ్మిది గ్రూపులకు వెళ్ళింది. గురువారం సాయంత్రానికి దాని కింద అచ్చం మా ఇల్లే అని నలభై ముగ్గురు రాశారు. అందులో పదకొండు మంది ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళు. తర్వాతి భాగం ఎప్పుడని ఇరవై మంది అడిగారు. కత్తెర తల్లీ ఇద్దరు కోడళ్ళూ ఆ మొదటి వీడియోను సాయంత్రాలు ఒకే సోఫాలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. కోయని మూడు గంటల నలభై నిమిషాలను, ఫోన్లో చోటు చాలక, అన్న చెరిపేశాడు.

రెండో వీడియో కింద ఒక్క మాటే ఉంది. రాసింది మేనత్త. ఆ వీడియోలో ఆవిడ మూడో కుర్చీలో, ఇద్దరు కోడళ్ళ మధ్య కూర్చుని ఉంది.

"అందరూ చాలా బాగా నటించారు."

దాని కింద ఇంట్లో ఆరుగురూ బొటనవేలు గుర్తు పెట్టారు.